వంగిన తల ఎవరిది?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక కొయ్య శిల్పం ఉంది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పనితనం అది. ముందునుంచి చూస్తే గోథే 'ఫౌస్ట్'లోని మెఫిస్టోఫిలిస్: విరిచిన రొమ్ము, ఎత్తిన గడ్డం. వెనుకనున్న అద్దంలో చూస్తే మార్గరెట్టా: వాలిన రెప్పలు, వంచిన తల. ఇద్దరినీ ఒకే దుంగలో చెక్కారు.

కూకట్‌పల్లి నుంచి మా విద్యార్థులను తీసుకువెళ్ళి దీన్ని చూపించాను. "ఎంత వినయం!" అన్నాడొక అబ్బాయి. "వినయమా సార్, భయమా?" అన్నదొక అమ్మాయి. ఈ వ్యాసానికి ఆ ప్రశ్నే కారణం.

ఆంగికానికి నిఘంటువు కూర్చాలన్న కోరిక పాతది. మన 'అభినయ దర్పణం' తొమ్మిది శిరోభేదాలు చెప్పి, అధోముఖాన్ని సిగ్గుకూ దుఃఖానికీ నమస్కారానికీ వినియోగించమన్నది. పద్నాలుగో లూయీ ఆస్థాన చిత్రకారుడు లెబ్రూన్ 1668లో పారిస్ అకాడమీలో ఉపన్యసిస్తూ, ఏ ఉద్వేగానికి కనుబొమలు ఎలా కదలాలో సూత్రీకరించాడు. ఇవి నిరుపయోగమని నేననను. నటునికీ చిత్రకారునికీ ఇవి అక్షరమాల. అయితే తల ఎలా వంగుతుందో చెప్పిన ఈ సూత్రాలు, ఎవరు ఎవరి ముందు వంచుతున్నారని అడగవు.

అడిగినవాడు కారవాజియో. పదిహేడో శతాబ్దపు తొలి ఏళ్ళలో రోమ్‌లో అతడు గీసిన 'లొరెటో మేరీమాత' చిత్రంలో ఇద్దరు పేద యాత్రికులు మోకరిల్లి ఉంటారు. వారి మురికి అరికాళ్ళు చూపరి ముఖానికి ఎదురుగా ఉంటాయి. ఆనాడు దానిపై అలజడి రేగింది. ముఖంలో భక్తి కనిపిస్తే చాలుననుకునేవారికి, ఆ భక్తి ఎంతదూరం కాలినడకన వచ్చిందో పాదాలు చెప్పడం గిట్టకపోవడం సహజమే.

ఇక మార్గరెట్టా. ఫౌస్ట్ వ్యామోహానికి బలై, కన్నబిడ్డను చంపుకుని, చెరసాల పాలైన సామాన్య కుటుంబపు పిల్ల. శిల్పి ఆమెలో వినయాన్నే చెక్కాడు. అక్కడ అతని చూపు సంప్రదాయాన్ని దాటలేదు. కాని అతడు ఎంచుకున్న దుంగ అంతకు మించిన సత్యం చెప్పింది. ఒకరి విర్రవీగుడూ మరొకరి ఒదుగుదలా ఒకే కలపలో ఉన్నాయి. ఒకదాన్ని చీల్చితే రెండోది నిలవదు.

తెల్లవారితే మా కూకట్‌పల్లిలో కూలీల అడ్డా మీద మేస్త్రీ ముందు తలలు వంగుతాయి. పక్కనే అద్దాల మేడల్లో మేనేజరు ముందు మా పూర్వవిద్యార్థుల తలలు వంగుతాయి. ఒకదానికి వినయమనీ, ఇంకొకదానికి క్రమశిక్షణ అనీ పేరు పెడుతున్నాం. పేర్లు పెట్టడంతో విమర్శకుని పని తీరదు.

ఆ అమ్మాయికి నా జవాబు ఇదే: వంగిన తల ఒక్కటే చూస్తే వినయమో భయమో తేలదు. అద్దం వదిలి ఇవతలికి వచ్చి, దుంగకు రెండోవైపు ఎవరున్నారో చూడు.