గడప తీసిన చోట గీత

పార్కిన్సన్స్ జబ్బున్న పెద్దవారిని ఇంట్లో చూసుకోవడంలో మొదటి పని మాత్ర వేళ తప్పనివ్వకపోవడం. మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న భాగంలో డోపమైన్ తయారుచేసే కణాలు ఏళ్ల తరబడి తరిగిపోతూ వస్తాయి. జబ్బు పైకి కనిపించేసరికే వాటిలో పెద్ద భాగం పోయి ఉంటుంది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని వర్ణించినప్పుడు పేరులో వణుకునే ముందు పెట్టాడు. మన ఊళ్లలోనూ వణుకుడు జబ్బనే అంటారు. నిజానికి ఊరకే ఉన్నప్పుడు వణికే చెయ్యి, గ్లాసు అందుకోబోతే చాలామందిలో కాస్త కుదుటపడుతుంది. ఇంటిల్లిపాదినీ కష్టపెట్టేవి వేరే ఉన్నాయి: కదలిక మందగించడం, ఒళ్లు బిగుసుకోవడం, తూలిపడటం, మాట లోగొంతులోకి జారిపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు. ముఖంలో కవళిక తగ్గిపోవడంతో కోపంగా ఉన్నారనో పట్టించుకోవడం లేదనో ఇంట్లోవాళ్లు పొరబడతారు. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

ప్రధానమైన మందు లెవోడోపా. దానికి కార్బిడోపా కలిపిన మాత్రలు సిండోపా వంటి పేర్లతో దొరుకుతాయి. మింగిన లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు గంటన్నర చాలు. జబ్బు తొలి ఏళ్లలో మెదడు ఆ మందును కొంత దాచుకుని నెమ్మదిగా వాడుకుంటుంది కాబట్టి, వేళ కాస్త అటూఇటూ అయినా తెలియదు. తర్వాత ఆ దాపు తగ్గి, ఒక్కో మాత్ర బలం మూడు నాలుగు గంటలకే దిగిపోతుంది. అప్పుడు ఎనిమిదింటి మాత్ర తొమ్మిదింటికి వేస్తే ఆ పూట స్నానం, టిఫిన్ అన్నీ కుంటుపడతాయి. మాత్ర టిఫిన్‌కు కనీసం అరగంట ముందు పడితే మేలు. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు, లెవోడోపా పేగు గోడ దగ్గరా మెదడు గుమ్మం దగ్గరా ఒకే దారి కోసం పోటీపడతాయి. మందు బలం త్వరగా దిగిపోయేవారిలో పెసరట్టు, గుడ్డు, పప్పు వంటివి పగలు తగ్గించి రాత్రి భోజనంలోకి మార్చి చూడమని వైద్యులు చెబుతారు. అసలే బరువు తగ్గే జబ్బు గనుక మొత్తానికి మానిపించకూడదు. ఐరన్ మాత్ర లెవోడోపాను ఒంటికి సరిగా పట్టనివ్వదు. రెండింటికీ మధ్య ఎడం ఉండాలి.

లెవోడోపా దగ్గరికొచ్చాక దూలగొండి మాట ఎత్తకుండా ముందుకు పోవడం కుదరదు. కంచెల మీద పాకే ఆ తీగ కాయల నూగు ఒంటికి తగిలితే ఎంత దురద పెడుతుందో పల్లెలో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. బడి పిల్లలు పగ తీర్చుకోవడానికి వాడిన ఆయుధాల్లో అది మేటి. ఆయుర్వేదంలో దానికి ఆత్మగుప్త, కపికచ్ఛు అని పేర్లు. కంపవాతానికి, అంటే ఈ వణుకుడు జబ్బుకు, దాని గింజలు వాడతారు. 1937లో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మద్రాసులో ఆ గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. అప్పటికి అది పార్కిన్సన్స్‌కు మందని ఎవరూ అనుకోలేదు. మెదడులో డోపమైన్ పాత్రను స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివర్లో బయటపెట్టాడు; 2000లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో జార్జ్ కోట్జియాస్ 1967లో పెద్ద మోతాదుల్లో వాడి రోగులు లేచి తిరగడం చూపించాడు. మద్రాసు ప్రయోగశాల నుంచి రోగులను లేపి నడిపించే దాకా ఆ పదార్థానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఈ చరిత్ర విన్నవారికి దూలగొండి పొడి మీద గురి కుదరడం సహజం. గింజలో మందున్న మాట నిజమే కనుక చిక్కంతా అక్కడే ఉంది. చెంచా పొడిలో ఎంత లెవోడోపా ఉందో గింజను బట్టి, తయారీని బట్టి మారుతుంది. డాక్టరు రాసిన మాత్రకు తోడు ఎవరికీ చెప్పకుండా పాలల్లో కలిపి పట్టిస్తే మోతాదు మించి, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం, లేనివి కనిపించడం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. వాడితే న్యూరాలజిస్టుకు తెలిసే వాడాలి.

నడక సంగతికొస్తే, గడపలంటే నాకు పాత పగ. నాలుగంగుళాల కర్ర అడ్డం పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ముసలివాళ్ల కాళ్లకు తగిలించడం నేను ఎన్నోసార్లు తిట్టిన ఆచారం. ఆ మధ్య పేపర్లో పెద్దలకు అనుకూలమైన ఫ్లాట్లంటూ వచ్చిన ప్రకటన గడపల్లేకపోవడాన్ని గొప్పగా చెప్పుకుంది. సంతోషించాల్సిందే. పార్కిన్సన్స్ ఉన్నవారి విషయంలో మాత్రం అది సగం మాట. వీరిలో చాలామందికి ద్వారం దగ్గరికి రాగానే, మలుపు తిరగబోగానే, కాళ్లు నేలకు అంటుకుపోయినట్టు ఆగిపోతాయి. ద్వారం ఇరుకు చాలు, గడప ఉండనక్కర్లేదు. అలా ఆగిన మనిషే నేల మీద అడ్డంగా గీసిన గీతను దాటమంటే కాలెత్తి దాటేస్తాడు. తనంతట తాను సాగే నడకను నడిపించే యంత్రాంగం దెబ్బతిన్నా, కంటితో చూసి కావాలని వేసే అడుగుకు మెదడులో వేరే దారి ఉంది. అది 1960ల నుంచీ వైద్యులకు తెలుసు.

కాబట్టి ఎత్తు తీసేయాలి, గుర్తు ఉంచాలి. పసుపు పచ్చని గడప చేసిన పనిలో ఒక సగం, ఇక్కడ కాలెత్తాలని కంటికి చెప్పడం, పనికొచ్చేదేనని ఒప్పుకోక తప్పదు. నేల రంగుకు కొట్టొచ్చినట్టు తేడా కనిపించే టేపును ద్వారం దగ్గర అడ్డంగా అంటించాలి. వరండాలో, బాత్రూం దారిలో అడుగు దూరానికొకటి చొప్పున మరికొన్ని అంటించవచ్చు. నడక వెంట పొడుగ్గా గీసినవి పనిచేయవు. ముగ్గుపిండి జారుతుంది, వద్దు. అందరికీ ఇది పారదు; కొందరికి చప్పట్ల తాళమో, ఒకటి రెండు అని లెక్కో బాగా పనిచేస్తుంది. ఆగిపోయిన మనిషిని చెయ్యి పట్టి ముందుకు లాగితే పై ఒళ్లు కదులుతుంది, కాళ్లు కదలవు, పడతారు. ఆ క్షణంలో కబుర్లు కూడా ఆపాలి.

ఇంట్లో పడకుండా ఉండాలంటే, పాత చీరలతో కుట్టిన కాళ్లు తుడుచుకునే పట్టాలు తీసేయాలి, కమోడ్ పక్కన గోడకు గట్టి పిడి బిగించాలి. మంచం మీద నునుపైన దుప్పటి పరిస్తే పక్క తిరగడం తేలిక. లేచేటప్పుడు రక్తపోటు పడిపోవచ్చు కనుక కాసేపు మంచం అంచున కూర్చుని లేవాలి.

మింగడం కష్టమయ్యే దశ వస్తే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఊపిరితిత్తుల్లోకి తిండి, నీళ్లు పోయి వచ్చే న్యుమోనియా ఈ జబ్బులో ప్రాణాలు తీసే ముఖ్య కారణాల్లో ఒకటి. పలచని చారు, నీళ్ల మజ్జిగ, మంచినీళ్లకే ముందు పొలమారుతుంది. అలాంటివారికి చిక్కని రాగి జావ, మెత్తని పప్పన్నం సులువు కావచ్చు. తిండి ఎంత చిక్కగా ఉండాలో మింగుడు పరీక్షించి నిపుణులు చెబుతారు. నిటారుగా కూర్చోబెట్టి, మాత్ర పనిచేస్తున్న వేళలో పెట్టాలి. పడుకోబెట్టి నోట్లో పోయడం ఎప్పుడూ కూడదు. ముద్దలు కలిపి నోటికందించడాన్ని మనవాళ్లు సేవలో గొప్పదిగా చూస్తారు. లావు పిడి చెంచాతో ముప్పావుగంట పట్టినా తనే తినగలిగే మనిషికి ఆ సేవ చేయడం, మిగిలున్న శక్తిని ముందే లాగేసుకోవడం. చొక్కా బొత్తాలు పెట్టే విషయమూ అంతే.

వాంతికిచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరిగితే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నారిజిన్ డోపమైన్ పనిని అడ్డుకుని జబ్బును పెంచుతాయి. మన ఊళ్లలో ఇవి చాలా మామూలుగా రాసే మందులు. జబ్బు పేరు, ఈ మందుల పేర్లు రాసిన కార్డు జేబులో ఉండాలి. వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేర్చినా లెవోడోపా హఠాత్తుగా ఆపకూడదు. తీవ్రమైన జ్వరం, బిగువుతో ప్రాణం మీదికి రావచ్చు.

ఇంత పనిని ఒక్క భార్యో, ఒక్క కోడలో ఏళ్ల తరబడి మోయలేరు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఏజెన్సీ అటెండెంట్లే దిక్కు. సలహాకు కేంద్రం నడిపే ఎల్డర్‌లైన్ 14567 ఉంది. అటెండెంట్లు తరచుగా మారిపోతారు కనుక మాత్రల వేళలు, మాత్ర దిగిపోయే వేళలు, దేనికి పొలమారుతుంది, ఏ తాళానికి కాలు కదులుతుంది అన్నవి ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. కొత్తవారు వచ్చిన రోజున పాతవారు ఒక పూట కలిసి ఉండి ఆ కాగితం ప్రకారం చేసి చూపించేలా ఏజెన్సీతో ముందే మాట్లాడుకోవాలి. ఆ పూట కూలి ఇద్దరికీ ఇవ్వాలి.