చేరినవాళ్లందరి పుస్తకం

సమితుల పాఠం చదివినవాళ్లంతా జాన్ వెన్‌కి రుణపడి ఉన్నారు, కొందరు మార్కులకి, కొందరు బెత్తం దెబ్బలకి. ఒకదానిలోకి ఒకటి చొరబడిన రెండు వృత్తాలు గీసి, క్రికెట్ ఆడేవాళ్లు ఇంతమంది, కబడ్డీ ఆడేవాళ్లు ఇంతమంది, రెండూ ఆడేవాళ్లెందరో చెప్పమనే లెక్క గుర్తుండే ఉంటుంది. ఆ వృత్తాలని 1880లో లోకానికి చూపించిన మనిషి తర్వాత ఏం చేశాడో మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. 1888లో తన తర్కశాస్త్ర గ్రంథాలన్నీ కేంబ్రిడ్జి యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చేశాడు. ఆ యూనివర్సిటీలో ఎప్పుడో చదివి, ఎప్పుడో పోయినవాళ్ల పేర్లు పోగు చేసే పనిలో పడ్డాడు. (మధ్యలో క్రికెట్ బంతులు విసిరే యంత్రం కూడా తయారుచేశాడు. 1909లో కేంబ్రిడ్జి వచ్చిన ఆస్ట్రేలియా జట్టులో పేరున్న బ్యాట్స్‌మన్ ఒకాయన్ని అది పదే పదే బౌల్డ్ చేసిందంటారు.)

ముందు తన కాలేజీ వాళ్ల సంగతి తేల్చాడు. గాన్విల్ అండ్ కీజ్ కాలేజీలో చదివినవాళ్ల చరిత్ర 1897లో అచ్చయింది. ఆ తర్వాత మొత్తం యూనివర్సిటీని నెత్తికెత్తుకున్నాడు. కొడుకు జాన్ ఆర్చిబాల్డ్ తోడయ్యాడు. ‘అలమ్నై కాంటబ్రిజియెన్సిస్’ మొదటి సంపుటం 1922లో బయటికొచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో తండ్రి పోయాడు. కొడుకు పని ఆపలేదు. పదో సంపుటం, అంటే ఆఖరిది, వచ్చేసరికి 1954. యూనివర్సిటీ పుట్టిన నాటినుంచి 1900 దాకా చేరినవాళ్లు, లక్షకి పైగా మనుషులు. చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, కాలేజీ అడ్మిషన్ పుస్తకాలు తిరగేసి ఒక్కొక్కరికీ నాలుగు ముక్కలు రాశారు: తండ్రి ఎవరు, ఏ ఊరు, ఏ బడినుంచి వచ్చాడు, ఏ ఏడు చేరాడు, తర్వాత ఏమయ్యాడు, ఎక్కడ పోయాడు.

న్యూటన్‌కీ డార్విన్‌కీ చోటివ్వడంలో గొప్పేముంది? ఆ పుస్తకం మీద నాకు గౌరవం కలిగింది చిన్న పేరాల వల్ల. ఒక పేరు, ఒక కాలేజీ, చేరిన సంవత్సరం, అంతే. ఇంకేమీ దొరకలేదు. దొరకలేదని ఆ పేరు తీసెయ్యలేదు. పుస్తకం ఉపశీర్షికలోనే చెప్పుకున్నారు, తెలిసినంత మేరకు విద్యార్థులందరూ అని, డిగ్రీ పుచ్చుకున్నవాళ్లు మాత్రమే కాదని. ఆలివర్ క్రాంవెల్ 1616లో సిడ్నీ ససెక్స్ కాలేజీలో చేరాడు. ఏడాది తిరిగేసరికి తండ్రి పోయాడు, చదువు ఆగిపోయింది, డిగ్రీ లేదు. పుస్తకంలో ఉన్నాడు. 1556లో సజీవంగా దహనమైన ఆర్చిబిషప్ క్రాన్మర్ ఉన్నాడు. ఉరికంబం ఎక్కినవాళ్లు ఉన్నారు. ఎవరి ముగింపూ దాచలేదు.

మన కట్టమంచి రామలింగారెడ్డి గారు మాత్రం ఉండరు. ఆయన సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లింది 1902లో, గీత 1900 దగ్గరే గీశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయిన మనిషికి ఆ పుస్తకం అవసరమూ లేదనుకోండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పూర్వ విద్యార్థుల సంఘం వేసే సావనీర్‌లో నివాళి పేజీలు చాలా ఏళ్లుగా నా నెత్తిన ఉన్నాయి. ఎవరూ కోరి తీసుకోని పని. ముఖచిత్రానికి పోటీ ఉంటుంది, సంపాదకీయానికి పోటీ ఉంటుంది, అమెరికా నుంచి వచ్చే చందాదార్ల ఫొటోల పేజీకి యుద్ధాలే జరుగుతాయి. పోయినవాళ్ల పేజీ దగ్గరికొచ్చేసరికి అందరూ నావైపు చూస్తారు.

మొదట్లో చేతికొచ్చిన నివాళులు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. క్రమశిక్షణకు మారుపేరు. స్నేహశీలి. అజాతశత్రువు. పేరు మార్చి ఎవరికైనా అతికించొచ్చు. ‘అజాతశత్రువు’ అని వేసిన ప్రతిసారీ ఆయనతో పడనివాళ్లు నలుగురు ఫోన్ చేసేవారు, నవ్వుతూనే అనుకోండి. ఆ మాటలు పోయాక మిగిలేవి పదవులు: ఏఈ, డీఈఈ, ఈఈ, ఎస్ఈ, రిటైర్మెంటు. మనిషి నలభయ్యేళ్ల బతుకు ప్రమోషన్ల ఆర్డరు కాపీలా ఉండేది. ఇచ్చేది ఇంట్లోవాళ్లే. తప్పు వాళ్లది కాదు. వాళ్లకి తెలిసిన మనిషి పెళ్లి దగ్గర మొదలవుతాడు. కొడుక్కి తండ్రి పుట్టుకతోనే ఆఫీసరు.

హాస్టల్లో కలిసి ఉన్నవాళ్లకి తెలిసిన మనిషి వేరు. వాడు పెళ్లి దగ్గర అయిపోతాడు. ఈ రెండు వృత్తాలూ ఒకదాన్నొకటి తాకే చోటు ఎక్కడో వెతకడమే నివాళి రాసేవాడి పని, గీతలు కొట్టి నింపాల్సింది అక్కడే.

అందుకే ఫోన్ చేసి పెద్ద ప్రశ్నలు అడగను. ‘ఆయన వ్యక్తిత్వం గురించి చెప్పండి’ అంటే అవతల గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెడతారు. ఏ రూము? రూమ్మేటు ఎవరు? ఇంటినుంచి మనియార్డర్ ఏ తారీఖుకి వచ్చేది, రాని నెల ఎవరి దగ్గర చేబదులు? సెలవులకి ఏ రైలు? ఏ పేపరు పోయింది? సప్లిమెంటరీ రాశాడా? మెస్‌లో దేనికి గొడవ పడేవాడు? ఇలాంటివి అడిగితే డెబ్బయ్యేళ్ల మనుషుల గొంతు మారిపోతుంది. ఒకసారి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి గురించి ఆయన రూమ్మేటు చెప్పిన సంగతి: ఊరినుంచి వచ్చిన ఉత్తరాలన్నీ గట్టిగా చదివి వినిపించేవాడట. అందులో అమ్మ రాసినవంటూ చదివినవి కల్పించినవే. ఆమెకి రాయడం రాదు. ఇది ఆయన భార్యకి తెలీదు. ఆవిడకి తెలిసింది, పిల్లలు అమెరికా వెళ్లాక కూడా ఆయన పోస్టుమాన్ కోసం గేటు దగ్గర నిలబడేవాడని. రెండూ పక్కపక్కన వేశాను, వ్యాఖ్య ఏమీ చెయ్యకుండా.

తారీఖులతో ఇంకో తంటా. మా తరంలో సగం మంది జూలై 1న పుట్టారు. బళ్లో చేర్చిన రోజు హెడ్మాస్టరు గారు వేసిన తేదీ అది. ఇంట్లో పుట్టినరోజు వేరు, సర్టిఫికెట్టులో వేరు. నేను రెండూ వేస్తాను. ప్రూఫులు చూసేవాళ్లు ఒకటి కొట్టేస్తారు. మళ్లీ వేస్తాను.

పేరున్నవాళ్ల నివాళి తేలికనుకుంటారు. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 2023 ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయసులో పోయినప్పుడు ప్రపంచమంతా రాశారు: పద్మవిభూషణ్, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, ఆ ఏడే వచ్చిన ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్. ఆ జాబితా చదివి ఆయన్ని తెలుసుకున్నానని నేననుకోలేదు. వాల్తేరులో ఎమ్మే గణితం ఫస్టున పాసైన కుర్రాడు యుద్ధకాలపు ఉద్యోగం కోసం కలకత్తా ఇంటర్వ్యూకి వెళ్లాడు. ఉద్యోగం రాలేదు. అక్కడ తారసపడిన ఒక మనిషి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి అటు నడిచాడు. రాని ఆ ఉద్యోగం నాకు బహుమతులన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. మా సావనీర్‌లో ఎవరి నివాళి రాసినా అలాంటి ‘రానిది’ ఒకటి ఉందా అని అడుగుతాను. ఉంటుంది. ఇంట్లోవాళ్లు చెప్పడానికి కాస్త సంకోచిస్తారు, అంతే.

ఆడవాళ్ల విషయం ఇంతకంటే కష్టం. వెన్ తండ్రీకొడుకుల పది సంపుటాల్లోనూ స్త్రీలు లేరు. 1869 నాటికే గర్టన్ కాలేజీ ఉంది, తర్వాత న్యూనమ్ వచ్చింది, అమ్మాయిలు చదివారు, పరీక్షలు రాశారు. కేంబ్రిడ్జి వాళ్లకి పూర్తి డిగ్రీ ఇచ్చింది 1948లో. అందరినీ చేర్చుకున్న పుస్తకానికి కూడా ఆ గోడ అడ్డమే పడింది. మన దగ్గర డిగ్రీ ఇచ్చారు, ఆపైన మనిషే దొరకదు. నామినల్ రోల్‌లో పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది, కొందరికి అత్తారింట్లో పేరే మారింది. మా క్లాసులో రసాయన శాస్త్రంలో అందరికంటే చురుకైన అమ్మాయి పోయిన కబురు మాకు చాలా ఆలస్యంగా, ఎవరో పెళ్లిలో మాటల మధ్య తెలిసింది. వాట్సాప్ గ్రూపులో ఆవిడ లేనే లేదు. నంబరు సంపాదించి ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. “అత్తయ్యగారు యూనివర్సిటీలో చదివారా అండీ? వంట మాత్రం కొలతలేసి చేసేవారు, అర గ్రాము తేడా వస్తే ఊరుకునేవారు కాదు” అంది. ఆ కోడలి మాట ఉన్నదున్నట్టు నివాళిగా వేశాను. అంతకంటే బాగా నేను రాయలేను.

ఎవరు మనవాళ్లు అన్న ప్రశ్నకి యూనివర్సిటీలు తలో జవాబు చెప్పాయి. హార్వర్డ్ మెమోరియల్ హాల్ గోడలమీద అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడి పోయిన 136 మంది పేర్లున్నాయి, దక్షిణాది పక్షాన పోయినవాళ్ల పేర్లు లేవు. ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ 1930లో ఇంకో దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ తరఫున, అంటే ఇంగ్లండు మీదే, పోరాడి చనిపోయిన తన పాత విద్యార్థుల పేర్లు చెక్కించి ప్రార్థనా మందిరంలో పెట్టించింది. ఆ పలక ముందు సొంత కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా నిలబడి ఉంటారు కదా, వాళ్లేమనుకున్నారో అనిపిస్తుంది నాకు. అయినా న్యూ కాలేజీ చేసిందే సరైందంటాను.

మనకి శత్రుదేశం దాకా వెళ్లనక్కర్లేదు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నారు. పాడినందుకు విద్యార్థుల్ని బయటికి పంపారు. వాళ్లని నాగపూర్ యూనివర్సిటీ చేర్చుకుంది. అలా హైదరాబాద్ రాజ్యం నుంచి వెళ్లినవాళ్లలో పీ.వీ. నరసింహారావు ఒకరు. ఇప్పుడు ప్రతి సావనీర్ అట్టమీదా కనిపించే ఆర్ట్స్ కాలేజీ భవనానికి ప్రారంభోత్సవం జరిగింది ఆ మరుసటి ఏడు, 1939 డిసెంబర్‌లో. వెళ్లిపోయి తిరిగి రాని కుర్రాళ్లు ఆ మెట్లు విద్యార్థులుగా ఎక్కలేదు. వాళ్లు ఎవరి పూర్వ విద్యార్థులు? ఉస్మానియా వాళ్లా, నాగపూర్ వాళ్లా? డిగ్రీ చూస్తే నాగపూర్. అడ్మిషన్ చూస్తే ఉస్మానియా. నేను అడ్మిషన్ పక్షం.

జార్జ్ రెడ్డిని ఏప్రిల్ 14న తలుచుకుంటారు. 1972లో ఆ క్యాంపస్‌లోనే హత్యకి గురైన భౌతికశాస్త్ర పరిశోధక విద్యార్థి. తలుచుకునేది మాత్రం విద్యార్థి సంఘాలు. పోరాడి పోయినవాళ్లకి అలా ఎవరో ఒకరుంటారు. ఫీజు కట్టలేక పోయినవాళ్లకి ఎవరూ ఉండరు.

అలాంటివాడు మా బ్యాచ్‌లో ఒకడున్నాడు. రెండో ఏడాది మధ్యలో తండ్రి పోతే ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఎరువుల కొట్టు పెట్టాడు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. పోయిన ఏడు పోయాడు. నివాళుల్లో అతని పేరు చేర్చాను. కమిటీలో అభ్యంతరం వచ్చింది, డిగ్రీ పూర్తి చెయ్యనివాడు పూర్వ విద్యార్థి ఎలా అవుతాడని. నేను క్రాంవెల్ గురించి చెప్పాను, కేంబ్రిడ్జి పుస్తకం గురించి చెప్పాను. కోశాధికారి గారు ఓపిగ్గా విన్నారు.

“అదంతా సరేనండీ, ఆ క్రాంవెల్ గారు జీవిత సభ్యత్వం కట్టారా?” అన్నారు.

నవ్వులయ్యాక పేరు ఉంచడానికే ఒప్పుకున్నారు. ఫొటో దొరకలేదు. హాస్టల్ గ్రూప్ ఫొటోలో వెనక వరసలో ఉన్న మొహం కత్తిరించి వేశాం. పక్కవాడి చెయ్యి భుజంమీద అలాగే వచ్చింది. మొదటి సంవత్సరం గణితంలో క్లాసు ఫస్టు అనీ, వెళ్లిపోయే ముందు తన నోట్సు పక్క రూముకి ఇచ్చి వెళ్లాడనీ రాశాను. ఆ నోట్సుతో పాసైనవాళ్లు ఇప్పటికీ గ్రూపులో ఉన్నారు. పేర్లు రాయలేదు, వాళ్లకి తెలుసు.

సంచిక పోస్టులో వెళ్లిన కొన్నాళ్లకి అతని కొడుకు ఫోన్ చేశాడు. తండ్రి ఇంటర్‌తో ఆపేశాడనే ఇంట్లో అందరికీ తెలుసట. చాలాసేపు మాట్లాడాడు. ఏ రూములో ఉండేవాడు, ఆ నోట్సు ఎవరి దగ్గరైనా మిగిలిందా, లెక్కల్లో ఫస్టు అన్నది నిజమేనా, మర్యాదకి రాశారా? నిజమే అన్నాను. చెల్లెళ్ల ఇళ్లకి కూడా పంపాలి, పది కాపీలు కావాలన్నాడు. డబ్బు పంపుతానంటే వద్దన్నాను. ఇప్పుడు ఆ పది కాపీలు ఏ ఖాతాలో రాయాలని కోశాధికారి గారు ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నారు.