ఆకు పొర ఒలిచిన చేతులు

సికిందరాబాద్ మోండా మార్కెట్లో చలికాలం పొద్దున ఆకుకూరల కట్టలూ, పచ్చి బఠాణీల గుట్టలూ పక్కపక్కనే కనిపిస్తాయి. అందులో తోటకూర, గంగవాయిలి కూర ఒక జాతి పనివాళ్లు. పాలకూర, బఠాణీ ఇంకో జాతి. కొనేవాళ్లకు ఈ తేడాతో పనిలేదు, వండేవాళ్లకు అంతకన్నా లేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని పిండిపదార్థంగా మార్చే తీరులో మాత్రం ఈ రెంటి దారులూ వేరు. ఆ తేడాను పరిశీలించడంతో మొదలై, బఠాణీ ఆకులో ఒక్కొక్క కణం లోపల జరిగే ఇచ్చిపుచ్చుకోవడాల దాకా వెళ్లిన పరిశోధన ప్రొఫెసర్ ఎ.ఎస్. రాఘవేంద్రది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టి, గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు ఆ పని సాగించారాయన. జె.సి. బోస్ నేషనల్ ఫెలోషిప్, జాతీయ సైన్స్ అకాడమీల ఫెలోషిప్‌లు ఆయనకు దక్కాయి. వాటి గురించి రాసేవాళ్లు వేరే ఉంటారు. ప్రయోగాన్ని ఆయన అమర్చే తీరు గురించే ఈ వ్యాసం.

ముందు ఆ రెండు దారుల సంగతి. వరి, గోధుమ, కంది, వేరుసెనగ, బఠాణీ సి3 మొక్కలు. వీటిలో రూబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా పట్టుకుంటుంది. మొదట తయారయ్యేది మూడు కార్బన్ల పదార్థం. రూబిస్కోకు ఒక చపలత్వం ఉంది. కార్బన్ డయాక్సైడ్ బదులు అప్పుడప్పుడూ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ తప్పటడుగులు ఎక్కువవుతాయి. వాటిని దిద్దుకోవడానికి మొక్క కాంతిశ్వాసక్రియ అనే చుట్టుదారి పట్టి, అప్పటికే సంపాదించుకున్న కార్బన్‌లో కొంత పోగొట్టుకుంటుంది. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, తోటకూర వంటి సి4 మొక్కలు ఈ నష్టాన్ని దాదాపుగా తప్పించుకున్నాయి. వీటిలో పెప్ కార్బాక్సిలేజ్ అనే మరో ఎంజైమ్ పత్రాంతర కణాల్లో కార్బన్‌ను నాలుగు కార్బన్ల ఆమ్లంగా కడుతుంది. ఆ ఆమ్లం ఈనెల చుట్టూ ఉండే తొడుగు కణాల్లోకి వెళ్లి విడిపోతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ దట్టంగా చేరుతుంది కాబట్టి రూబిస్కోకు పక్కచూపులు చూసే అవకాశం ఉండదు. పూలు పూసే మొక్కల్లో ఇలాంటివి నూటికి మూడు జాతులకు మించవు. అయినా నేల మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు నాలుగో వంతు వీటిదే.

1965లో హవాయిలో కోర్ట్‌షాక్ బృందం, 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ చెరకు ఆకు మీద చేసిన పనితో ఈ సంగతి తేటపడింది. అప్పటినుంచీ ఏ మొక్క ఏ దారిదో తేల్చడం ప్రపంచమంతటా వృక్షశాస్త్రవేత్తలకు పెద్ద పని అయింది. తిరుపతిలో వి.ఎస్. రామదాస్ ఆ పని అందుకున్నారు. రాయలసీమ ఎండలో ఆ వెతుకులాటకు కరువేమీ లేదు. గరిక, తుంగ, పల్లేరు, అటికమామిడి అన్నీ సి4 మొక్కలే. రామదాస్ శిష్యుడిగా రాఘవేంద్ర 1970ల్లో ఈ పనిలో చేరారు. 1974 చివరి నుంచి 1977 నడుమ దాకా లోకంలో ఎక్కడెక్కడ కొత్తగా సి4 మొక్కలు బయటపడ్డాయో గురుశిష్యులిద్దరూ కలిసి ఏర్చికూర్చిన అనుబంధ జాబితా 1978లో ‘ఫోటోసింథెటికా’ పత్రికలో వచ్చింది. జాబితాలు రాయడాన్ని చిన్నపనిగా చూసేవాళ్లున్నారు. ఒక్కో పేరు వెనకా ఆకు కోత, ఎంజైమ్ కొలత, వాయువు లెక్క ఉంటాయి. వాటిలో ఏది నమ్మాలో ఏది వదిలేయాలో తేల్చే కన్ను ఆ పనిలోనే పదునెక్కుతుంది.

రెండు గుంపులుగా విడదీయడం అయ్యాక, ఏ గుంపులోనూ ఇమడనివి మిగిలాయి. పొన్నగంటి కూరకు దగ్గరి చుట్టమైన ఆల్టర్నాంథిరా టెనెల్లా అలాంటిది. పొన్నగంటి సి3 మొక్క. ఇది మాత్రం సి3కీ సి4కీ మధ్యలో నిలిచింది. రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ 1986లో ‘ప్లాంట్ ఫిజియాలజీ’లో ఈ సంగతి చూపించారు. తర్వాత హైదరాబాద్‌లో రాఘవేంద్ర బృందం ఈ మధ్యస్థం లోపలికి వెళ్లింది. కాంతిశ్వాసక్రియలో కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి వదిలే ఎంజైమ్ వ్యవస్థ ఉన్న మైటోకాండ్రియాలు ఇందులో ఎక్కువగా తొడుగు కణాల్లోనే ఉన్నాయని 1995లో తేల్చింది. అంటే పోవలసిన వాయువు ఆకు లోలోపలే బయటపడుతుంది; ఆకు దాటేలోపు దాన్ని మళ్లీ పట్టుకునే వీలుంటుంది. పరిణామం సి3 నుంచి సి4కి నడిచిన బాటలో ఇదొక మజిలీ అయి ఉండవచ్చన్న ఆలోచనకు ఇలాంటి సాక్ష్యాలే ఆధారం.

ఆ పనిలో మైటోకాండ్రియా ఎదురుపడటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది నాకు. రాఘవేంద్ర పేరు విదేశాల్లో ఎక్కువగా వినిపించేది దాని వల్లే.

బడి పుస్తకాల్లో కిరణజన్య సంయోగక్రియ పగటి సంపాదన, శ్వాసక్రియ దాని మీద ఖర్చు. ఒకటి హరితరేణువులో, ఇంకోటి మైటోకాండ్రియాలో. ఒకటి కడుతుంది, ఇంకోటి కూలుస్తుంది. మరి వెలుగులో హరితరేణువు కావలసినంత శక్తిని తయారు చేస్తుంటే మైటోకాండ్రియా పనిచేయాల్సిన అవసరమేమిటి? అది ఆగిపోతే ఆకుకు లాభమే కదా? ప్రశ్న చిన్నది. అడగడానికి సరైన సరుకు దొరకడమే కష్టం.

నిండు ఆకు మీద మైటోకాండ్రియాను ఆపే మందు వేశారనుకోండి. ఆ మందు పత్రరంధ్రాలను మూసేస్తే కార్బన్ డయాక్సైడ్ అందక కిరణజన్య సంయోగక్రియ పడిపోతుంది. పడిపోయింది మైటోకాండ్రియా ఆగినందుకా, తలుపు మూసినందుకా? చెప్పలేం. పోనీ హరితరేణువులను విడిగా తీసి చూద్దామంటే వాటి పక్కన మైటోకాండ్రియానే ఉండదు. ఈ రెంటికీ నడుమ ఉండే సరుకు ప్రోటోప్లాస్ట్: గోడ తీసేసిన నిండు కణం.

దాన్ని తయారు చేయడం చూడవలసిన పని. బఠాణీ లేత ఆకు తిరగేసి, అడుగువైపు పలుచటి పొరను పట్టకారుతో ఈనె దగ్గర పట్టి లాగుతారు. మరీ గట్టిగా లాగితే కిందున్న కణాలు చితుకుతాయి; భయపడి లాగితే పొర ముక్కలైపోతుంది. పొర పోయిన ముఖం కిందికి వచ్చేలా ఆకును ఎంజైమ్‌ల ద్రావణం మీద తేలేస్తారు. పెక్టినేజ్ కణాల మధ్య అతుకును, సెల్యులేజ్ కణం చుట్టూ ఉన్న గోడను కరిగిస్తాయి. ద్రావణంలో సార్బిటాల్ తగినంత లేకపోతే గోడ లేని కణం నీళ్లు లాక్కుని పగిలిపోతుంది. తర్వాత నైలాన్ వలతో వడపోత, సెంట్రిఫ్యూజ్‌లో అతి నిదానంగా తిప్పడం. చివరికి మిగిలేవి మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చగా, గుండ్రంగా నిలిచిన కణాలు. వాటిని ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ఉన్న చిన్న గదిలో పోసి దీపం వేస్తే ఎంత ఆక్సిజన్ వదిలాయో గీత గీస్తుంది. దీపం తీసేస్తే ఎంత పీల్చాయో అదే గీత చూపిస్తుంది. కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ రెండూ ఒకే కణం నుంచి, ఒకే కాగితం మీద.

ఇక మందులు. ఒలిగోమైసిన్ మైటోకాండ్రియాలో ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే పదార్థం, తయారీని ఆపుతుంది. యాంటీమైసిన్ ఎ అక్కడి ఎలక్ట్రాన్ల ప్రధాన మార్గాన్ని, షామ్ అనే మందు ప్రత్యామ్నాయ మార్గాన్ని అడ్డుకుంటాయి. చిక్కేమిటంటే మోతాదు మించితే ఇవి హరితరేణువునూ దెబ్బతీస్తాయి. రాఘవేంద్ర బృందం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ మోతాదుల జాగ్రత్త. పద్మశ్రీ, రాఘవేంద్ర కలిసి 1999లో వెలువరించిన పత్రంలో మందులను అతి తక్కువ మోతాదుల్లో వాడారు. మూడింటిలో ఏది వేసినా ప్రోటోప్లాస్ట్ వదిలే ఆక్సిజన్ తగ్గింది. విడిగా తీసిన హరితరేణువుల మీద మాత్రం ఆ మందుల ప్రభావం పడలేదు. ఈ రెండో కొలత లేకపోతే మొదటి కొలతకు విలువ లేదు. దెబ్బ తగిలింది మైటోకాండ్రియాకు; కుంటుపడింది కిరణజన్య సంయోగక్రియ.

ఆ పత్రంలోనే ఇంకో మలుపుంది. కార్బన్ డయాక్సైడ్ కరువుగా ఉన్నప్పటి కన్నా సమృద్ధిగా ఉన్నప్పుడే మందుల దెబ్బ ఎక్కువ. కార్బన్ కరువైనప్పుడు కాంతిశ్వాసక్రియ పెరుగుతుంది, మైటోకాండ్రియాకు పని పెరుగుతుంది, కాబట్టి దాని అవసరం అప్పుడే ఎక్కువని ఎవరైనా ఊహిస్తారు. ప్రయోగం తిరగేసి చెప్పింది. హరితరేణువు జోరుగా పనిచేస్తున్నప్పుడే దానిలో పేరుకున్న అదనపు శక్తిని మేలేట్ రూపంలో బయటికి పంపి ఖర్చు చేసే చోటు కావాలి. చక్కెర తయారీకి హరితరేణువు బయట ఏటీపీ కావాలి. ఆ రెండూ మైటోకాండ్రియా చూసుకుంటుంది.

ఈ దారి వేసింది ఆయన ఒక్కరే కాదు. 1988లో జర్మనీలో క్రోమర్, స్టిట్, హెల్ట్ బార్లీ ప్రోటోప్లాస్ట్‌ల మీద ఒలిగోమైసిన్‌తో ఇలాంటి సంగతే చూపించారు. హైదరాబాద్ ప్రత్యేకత పట్టు వదలకపోవడం. వెలుగు చీకట్లను కొద్దికొద్ది సేపు మార్చిమార్చి ఇస్తే రెండు క్రియలూ ఒకదానికొకటి మేలు చేస్తాయని 1990లో చూపించారు. తీవ్రమైన వెలుగు కిరణజన్య సంయోగక్రియను దెబ్బతీయకుండా శ్వాసక్రియ కాపుకాస్తుందని శారదాదేవితో కలిసి 1992లో రాశారు. దీపం వేసిన తొలి క్షణాల్లో కిరణజన్య సంయోగక్రియ పుంజుకోవడానికి కొంత సమయం పడుతుంది; మైటోకాండ్రియాను అడ్డుకుంటే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుందని మరో పత్రం. ఒకే కణం, ఒకే ఎలక్ట్రోడ్, ప్రతిసారీ ఇంకో వైపు నుంచి అడిగిన ప్రశ్న.

ప్రోటోప్లాస్ట్‌ల కోసం ఒలిచి పక్కన పడేసే ఆ అడుగు పొర వేరే ప్రయోగాల్లో అసలు సరుకైంది. ఆ పొరలో పత్రరంధ్రాలు ఉంటాయి. బఠాణీ ఆకు పొరను ద్రావణంలో తేలేసి, అబ్‌సిసిక్ ఆమ్లం ఇచ్చి, రంధ్రం వెడల్పు మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. కరువులో మొక్క తలుపులు మూసుకోవడానికి పంపే సంకేతం ఈ ఆమ్లమే. సంకేతం అందాక రంధ్రాన్ని తెరిచి మూసే రక్షక కణం లోపల ఏది ముందు, ఏది తర్వాత? ఆమ్ల క్షార స్థాయికి ఒకటి, చురుకైన ఆక్సిజన్ రూపాలకు ఒకటి, నైట్రిక్ ఆక్సైడ్‌కు ఒకటి, ఇలా మెరిసే రంగులు వాడి వరుస తేల్చారు. కణద్రవ్యం క్షారంగా మారడం ముందు జరుగుతుందని, ఆక్సిజన్ రూపాలు, నైట్రిక్ ఆక్సైడ్ ఆ వెనక వస్తాయని 2004 నుంచి 2009 దాకా వచ్చిన పత్రాల్లో చూడవచ్చు. సి4 తోటకూర జాతిలో వెలుగు తగలగానే పెప్ కార్బాక్సిలేజ్ ఎలా చురుకవుతుందన్నది మరో వరుస పని. దాని జోలికి వెళితే ఈ వ్యాసం రెండింతలవుతుంది. 1998లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన కిరణజన్య సంయోగక్రియ గ్రంథానికీ, 2011లో రోవాన్ సేజ్‌తో కలిసి సి4 మీద తెచ్చిన సంపుటానికీ ఆయన సంపాదకత్వం వహించారు.

ప్రోటోప్లాస్ట్ ఎంత చక్కటి సరుకైనా అది ఆకు కాదు, మందు ఎంత తక్కువ వేసినా అది మందే. విమర్శకులు అనదగిన మాట ఇది. అందుకు జవాబుగా జన్యుమార్గం కూడా పట్టారు. జర్మనీలోని ఓస్నాబ్రుక్‌లో రెనాటె షైబె బృందంతో కలిసి, ప్రత్యామ్నాయ మార్గపు ఎంజైమ్‌లో ఒక రకం లోపించిన అరాబిడాప్సిస్ మొక్కలను తీసుకున్నారు. ఆ లోటు పూడ్చడానికి మొక్క అదే ఎంజైమ్‌లో మరో రకాన్ని తయారు చేసుకుంది. అయినా యాంటీమైసిన్ ఎ ఇచ్చి ప్రధాన మార్గాన్నీ మూసేసరికి ఆ బదులు ఎంజైమ్ కిరణజన్య సంయోగక్రియను నిలబెట్టలేకపోయింది. 2009లో ‘మాలిక్యులర్ ప్లాంట్’లో వచ్చిన ఆ పత్రంలో, బఠాణీ కణాల మీద మందులతో పదేళ్ల కిందట చెప్పిన మాటే నిండు మొక్క వైపు నుంచి మళ్లీ వినిపిస్తుంది.