మూడు గులకరాళ్లు, పదిహేను చింతపిక్కలు

నరసరావుపేటలో మా పాత ఇంటి అరుగు నాపరాయిది. దాని మీద పులిజూదం గీతలు మా నాయన పుట్టకముందే ఎవరో ఉలితో చెక్కారు. పైన శిఖరం, అక్కణ్ణుంచి కిందికి జారే నాలుగు గీతలు, వాటిని అడ్డంగా కోసే మూడు గీతలు, అడుగున ఒకటి, పక్కల రెండు నిలువు గీతలు. మొత్తం 23 కూడళ్లు. మూడు గులకరాళ్లు పులులు, 15 చింతపిక్కలు మేకలు. ఆట సరంజామా అంతే. బొమ్మల్లేవు, రంగుల్లేవు, కథ రాసిన కాగితం లేదు. అయినా ఆడినంతసేపూ అడవి అంచున మంద కాస్తున్నట్టే ఉంటుంది. ఎందుకుంటుందో చెప్పాలనే ఈ వ్యాసం.

పులికి దూకే హక్కుంది. మేకకు చంపే హక్కు లేదు. మేకలు ఒక్కొక్కటిగా దిగాలి, పదిహేనూ దిగేదాకా ఏదీ కదలకూడదు. పులి దూకాలంటే గీత వెంట సూటిగా, మేక అవతలి కూడలి ఖాళీగా ఉండాలి. మేక వెనక మేక నిలబడిందా, ఎంతటి పులైనా నోరు కట్టుకోవాల్సిందే. మేకలు గెలిచేది పులిని చంపి కాదు, కదలకుండా చేసి. ఇందులో పులి, మేక అనే మాటలు తీసేసి ఎర్రకాయ, నల్లకాయ అని పెట్టండి. ఆడినవాడు రెండో ఆటకల్లా చెబుతాడు, ఇది కొద్దిమంది బలవంతులకూ నిరాయుధులైన మందకూ నడిచే పోరని. కథ పేర్లలో లేదు, రూలులో ఉంది. ఇంత పొదుపుగా ఇంత పెద్ద సంగతి చెప్పిన ఆట ప్రపంచంలో ఇంకోటి ఉందంటే నేను నమ్మను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. గొర్రెలు కాసి బతికినవాడు. ఎప్పుడూ మేకల వైపే కూర్చునేవాడు. ముందు కింది మూలలు రెండూ నింపేవాడు, మూలనున్న మేకకు అవతల కూడలి లేదు గనక దాని మీదుగా పులి దూకలేదు. తర్వాత జంటలు కట్టుకుంటూ పైకి. ఒక సంక్రాంతికి ఆయన ఆటలో శిఖరం కింది మొదటి వరసలో ఒక పిక్కను ఒంటరిగా వదిలేశాడు. శిఖరం మీది పులి ఆశపడి దూకింది. ‘పెద్దయ్యా, మేక పోయిందే’ అని నేను అరిస్తే, ‘పోనీరా. దిగినోడు మళ్లా ఎక్కాల గదా’ అన్నాడు. తర్వాతి రెండు వంతుల్లో పులి దిగివచ్చిన దారిలో రెండు పిక్కలు పడ్డాయి. ఆ పులి ఇంకెక్కలేదు. ఒక్క మేకను పోగొట్టుకుని మూడు పులుల్నీ కట్టేశాడు. ఆ వేళ్లు నాకిప్పటికీ కళ్లముందే ఉన్నాయి, పిక్కను రాయి మీద పెట్టేటప్పుడు చప్పుడు కానిచ్చేవాడు కాదు.

ఈ ముచ్చటంతా ఇప్పుడెందుకంటే, మా మేనల్లుడు హైదరాబాదు హాస్టల్లో ‘డన్జియన్స్ అండ్ డ్రాగన్స్’ మరిగాడు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. తలా ఒక పాత్ర. ఒకడు కథ నడిపిస్తాడు. ‘నేను తలుపు బద్దలుకొడతాను’ అని ఎవడైనా అంటే, బద్దలైందో లేదో 20 ముఖాల పాచిక చెబుతుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు యుద్ధాల బొమ్మలాటల్లోంచి దీన్ని తీశారు. అందుకే అందులో దెబ్బలకు లెక్కలున్నాయి, ప్రాణానికి పాయింట్లున్నాయి.

దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడు పల్నాటి యుద్ధాన్ని ఆ రూళ్లతోనే ఆడించాడు. మాచర్ల, గురజాల, కారంపూడి, నాగులేరు అన్నీ పటంలో అందంగా గీశాడు. కోడిపందెం వచ్చింది. పాచిక వేశారు. మాచర్ల వారి కోడి చిట్టిమల్లు ఓడింది. రెండు నిమిషాల్లో అయిపోయింది. మాచర్ల రాజు మలిదేవుడి పాత్ర కట్టిన కుర్రాడు ‘సరే, తర్వాత ఫైట్ ఎక్కడ?’ అన్నాడు. నాకు కడుపులో దేవినట్టయింది. ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాల్సినవాడు అనే మాటా అది! తప్పు కుర్రాడిది కాదు. ఆ రూళ్లకు కత్తిదెబ్బ తెలుసు, మాటపట్టింపు తెలియదు. పటం మీద పల్నాడు ఉంది, ఆటలో లేదు.

కథ రూలులోనే ఉండాలన్న సంగతి అమెరికాలోనూ కనిపెట్టిన గట్టివాళ్లున్నారు. 1981లో వచ్చిన ‘కాల్ ఆఫ్ కతుల్హు’లో ప్రాణంతో పాటు మతిస్థిమితానికీ లెక్క ఉంటుంది, చూడరానిది చూసిన ప్రతిసారీ తరుగుతుంది. అది భయం కథ గనక రూలు కూడా భయపెట్టేదే. గ్రెగ్ స్టాఫోర్డ్ 1985లో చేసిన ‘పెండ్రాగన్’ ఇంకా గొప్పది. ఆర్థర్ రాజు కాలపు వీరుల ఆట. దయ ఒకవైపు, క్రూరత్వం ఒకవైపు, రెండూ కలిపి 20. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. శౌర్యానికీ పిరికితనానికీ అదే లెక్క. స్వామిభక్తికీ ప్రేమకీ ద్వేషానికీ కూడా అంకెలున్నాయి. నువ్వు శత్రువును వదిలేద్దామనుకున్నా నీ స్వభావం ఒప్పుకోకపోవచ్చు. స్టాఫోర్డ్‌కు చేతులెత్తి దండం పెట్టాలి.

మన కథకు అలాంటి రూళ్లు కొత్తగా కనిపెట్టే పని కూడా లేదు. పల్నాటి వీరచరిత్ర నడిచిందే ఆటల మీద. 12వ శతాబ్దపు ఆ మాచర్ల, గురజాల దాయాదుల పోరుకు కోడిపందెం నిప్పు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుణ్ణి యుద్ధానికి లేపింది బొంగరం. ఆడుకుంటుండగా అది ఒకామె కాలికి తగిలింది, ఆమె ఎత్తిపొడిచిన మాట అతణ్ణి కారంపూడి యుద్ధభూమి దాకా నడిపించింది. పందెం కట్టాక వెనక్కి తీసుకోరాదు. ఓడినవాడు ఊరు విడవాలి. గడువు తీరాక రాయబారిగా వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగిరాలేదు. బ్రహ్మనాయుడి చాపకూడులో కులం లెక్క లేదు, ఒకే చాప మీద అందరూ తినాలి. ఇవన్నీ కథలో సంఘటనలని చదువుకుంటాం గానీ, నా కంటికి ఒక్కొక్కటీ ఒక రూలు.

నమ్మకం లేకపోతే కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్లి చూడండి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఐదు రోజుల వీరారాధన. కథలో కోడిపందెం ముందు, రాయబారం తర్వాత. ఉత్సవంలో రాయబారం రెండో రోజు, కోడిపోరు నాలుగో రోజు. కథను వరసగా ఒప్పజెప్పడం అక్కడి పని కాదు. ఏ రోజు ఎవరు ఏం చేయాలో కట్టడి ఉంది, ఆచారవంతులు దాన్ని తప్పరు. మందపోరు రోజు చాపకూడు గురించి చెప్పి ఊరుకోరు, జనం కూర్చుని తింటారు. చివరి రోజు ఎవరు ఒరుగుతారో పసిపిల్లలకూ తెలుసు. అయినా వీర్లగుడి దగ్గర ఆ జనం ఎలా నిలబడతారో చూడాలి. పాత్ర కట్టడమంటే ఏమిటో మన పల్నాడు పాచికలు లేకుండానే చూపిస్తోంది.

ఇంతటి సొత్తు ఉంచుకుని మనవాళ్లు చేస్తున్నదేమిటి? మూత మీద పులి బొమ్మ, లోపల పాములూ నిచ్చెనలూ పెట్టి ‘మన సంప్రదాయ ఆట’ అని అమ్ముతున్నారు. ఒకటి నేనే కొన్నాను. అట్ట మీద వీరుడు, కత్తి, గుర్రం. విప్పితే అదే వంద గళ్లు. ఆ పాముల పటమైనా సరిగ్గా ఉందా అంటే, మన వైకుంఠపాళిలో పాములకు పాపాల పేర్లు, నిచ్చెనలకు పుణ్యాల పేర్లు ఉండేవి. అవి చెరిపేసి ఉత్త పాముల్ని మిగిల్చారు. ఫోన్లో పులి-మేక ఆడి చూశాను. తప్పు ఎత్తు వేస్తే వెనక్కి తీసుకోమని మీట ఇచ్చారు. వెనక్కి తీసుకోగలిగితే ఆ పెద్దాయన వదిలిన ఎరకు విలువేముంది! ఇంకో కుర్రాళ్ల బృందం నాగమ్మను చివర్న చంపాల్సిన మంత్రగత్తెగా పెట్టింది. నేను బాలచంద్రుడి పక్షం, దాచుకోను. అయినా గురజాల రాజ్యాన్ని మంత్రిగా నడిపిన ఆడమనిషిని అలా చూపిస్తే ఊరుకోను. ఆమె ఎత్తులకు ఎత్తు వేయలేనివాడే ఆమెకు కోరలు తగిలిస్తాడు.

ఆటలు చేసే పిల్లలకు నా విన్నపం ఒక్కటే. బొమ్మ గీసే ముందు రూలు రాయండి. రాసేముందు ఒక్కసారి మీ ఊరి అరుగు మీద మేకల వైపు కూర్చోండి.

మా మేనల్లుడు విన్నాడు. ఆ సెలవుల్లోనే, ఆ అరుగు మీదే, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి దెబ్బల లెక్క తీసేశాడు. పందెం కాసేవాడు ఏం వదులుకుంటాడో ముందే అందరి ఎదుటా పైకి చెప్పాలి. ఓడినవాడు చాప దిగి ఏడు వంతులు వాకిట్లో కూర్చోవాలి. ఆట చూడొచ్చు, మాట్లాడకూడదు. మాట పంపాలంటే ఒకణ్ణి రాయబారం పంపాలి, వెళ్లినవాడు తిరిగొస్తాడో లేదో పాచిక చెబుతుంది.

చిట్టిమల్లు మళ్లీ ఓడింది. మొన్న ‘తర్వాత ఫైట్ ఎక్కడ’ అన్న కుర్రాడే లేచాడు. చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాడు. మూడో వంతుకు మా అక్క చేగోడీలు తెచ్చి వాణ్ణి కూడా రమ్మని పిలిచింది. వాడు తల అడ్డంగా ఊపాడు. ఇంకా నాలుగున్నాయని వేళ్లతో చూపించాడు.