కటాకు అర్థం చెప్పే తరగతి

ఒకినావా దీవుల్లో రూపుదిద్దుకుని, 1922లో ఫునకోషి గిచిన్ టోక్యోలో ఇచ్చిన ప్రదర్శనతో జపాన్ ప్రధాన దీవుల్లో గుర్తింపు పొందిన కరాటేలో శిక్షణ సంప్రదాయంగా మూడు భాగాలుగా నడుస్తుంది: మూలకదలికల సాధన అయిన కిహోన్, ప్రత్యర్థులను ఊహించుకుంటూ నిర్ణీత వరుసలో ఒంటరిగా చేసే కటా, ఎదుటి మనిషితో తలపడే కుమితే. వీటిని ఒకదానితో ఒకటి పొత్తులేని పాఠాలుగా నేర్పే అలవాటు వల్ల ఈ విద్యకు జరిగే నష్టం చిన్నది కాదు.

ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి నిలిచే జెన్‌కుత్సు దాచి గానీ, ముందున్న కాలికి ఎదురు వైపు చేతితో విసిరే గ్యాకు జుకి అనే గుద్దు గానీ కిహోన్‌లో విసుగు లేకుండా వందలసార్లు చేస్తే తప్ప, బలం భుజంలో పుట్టదనీ, నేలను అదిమిన వెనక పాదం నుంచి బయలుదేరి నడుము తిరగడంతో పిడికిలికి చేరుతుందనీ ఒంటికి తెలియదు.

అసలు చిక్కు కటాలో ఉంది. ఇతోసు అంకో 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో ఒకినావా బడిపిల్లల కోసం కూర్చిన పినాన్ కటాలకు ఫునకోషి తరువాత హేయాన్ అని పేరు మార్చగా, ఆయన పేరుతో ముడిపడిన షోటోకాన్ శాఖలో 21 కదలికల హేయాన్ షోదాన్ నేటికీ తొలి మెట్టుగా నిలిచింది. అందులో నాలుగో కదలికగా, కింది దెబ్బను అడ్డుకున్న కుడి చేతిని వెనక్కి లాగి, గుండ్రంగా పైకి తిప్పి, పిడికిలి అడుగుభాగంతో కొట్టాలి. ఒంటరిగా చేస్తే అలంకారంలా తోచే ఈ కదలిక, తోటి విద్యార్థి మణికట్టు పట్టుకోగానే అర్థమవుతుంది: లాగడం పట్టు విడిపించుకోవడానికి, తిప్పడం ఆ విడుపును దెబ్బగా మలచడానికి. కదలికను ఇలా విప్పి చెప్పడాన్ని బుంకాయ్ అంటారు. ఇది లేని కటా ఎంత అందంగా ఉన్నా కవాతే.

కుమితే కూడా ఒక్కసారిగా స్వేచ్ఛాపోరుతో మొదలవదు. ఐదడుగుల దాడిని ముందే చెప్పి చేసే గోహోన్ కుమితే, ఒకే దాడికి పరిమితమైన ఇప్పోన్ కుమితే దాటాకే జియు కుమితే వస్తుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కటాకూ కుమితేకూ వేర్వేరు పతకాలు ఇవ్వడం పోటీకి తగినదే గానీ, తరగతి ఆ విభజనను అనుసరించనక్కరలేదు. బెల్టు పరీక్షలో కటా ముగిశాక పరీక్షకుడు ఒక్క కదలికను ఎంచుకుని, ఎదుట మరొకరిని నిలబెట్టి దాన్ని అన్వయించి చూపమంటే చాలు, ఆ ప్రశ్న తప్పదని తెలిసిన నాటినుంచే బుంకాయ్‌కు సమయం దొరుకుతుంది.