బొమ్మ వెల, చెయ్యి వెల

మొన్న మా జిల్లా శాఖ నెలవారీ సమావేశంలో కథల మీద చర్చ ముగిశాక ఒక ప్రశ్న వచ్చింది. కృత్రిమ మేధతో బొమ్మలు పుట్టించే యంత్రాలకు శిక్షణ ఇవ్వడం కోసం కంపెనీలు చిత్రకారుల చేత పనిగట్టుకుని కొత్త బొమ్మలు వేయించుకుంటున్నాయి, డబ్బు కూడా ఇస్తున్నాయి. అభ్యుదయ రచయితలుగా మనం దీన్ని ఎలా చూడాలి? రెండు అభిప్రాయాలు బలంగా వినిపించాయి. "అడక్కుండా ఎత్తుకుపోయినవాళ్ళను తిట్టాం. ఇప్పుడు అడిగి, డబ్బిచ్చి తీసుకుంటుంటే ఇంకేం కావాలి?" అన్నారు ఒక మిత్రుడు. "తోటి చిత్రకారుల పొట్టకొట్టే యంత్రానికి మేత వేసేవాడు ద్రోహి. అలాంటివాడి బొమ్మ మన పత్రికల్లో పడకూడదు" అన్నారు మరొకరు. రెండూ నిజాయితీగా అన్న మాటలే. కాని రెండూ సమస్య మూలాన్ని తాకలేదని నా అభిప్రాయం. ఆనాడు సమయం చాలక చెప్పలేకపోయిన కారణాలను ఇక్కడ చెబుతాను.

ఈ ప్రశ్న నాకు సభలోనే మొదటిసారి ఎదురు కాలేదు. అంతకు పది రోజుల ముందు నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. పిల్లల పుస్తకాలకు, వారపత్రికల కథలకు బొమ్మలు వేసుకుని బతుకుతున్నవాడు. ఏడాదిగా పని తగ్గిపోయింది. ఒక కంపెనీ తరఫున వచ్చిన ఒప్పందపత్రం నా చేతికిచ్చి, "మాస్టారూ, దీంట్లో నేను అమ్ముతున్నదేంటో కాస్త చూసి చెప్పండి" అన్నాడు. ఆ ప్రశ్న చాలా సూటి అయినది. ఈ వ్యాసమంతా దానికి జవాబు వెతకడమే.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. డబ్బిచ్చి బొమ్మలు వేయించుకోవడం కంపెనీల ఔదార్యం వల్ల మొదలు కాలేదు. 2022లో లయాన్ సంస్థ ఇంటర్నెట్‌లోని 585 కోట్ల బొమ్మల చిరునామాలను, వాటి పక్కనున్న వివరణలను ఒక జాబితాగా విడుదల చేసింది. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి యంత్రాలు అటువంటి జాబితాల్లోని బొమ్మలతోనే తయారయ్యాయి. వేసినవాళ్ళను ఎవరూ అడగలేదు. 2023 జనవరిలో శారా ఆండర్సన్, కెల్లీ మెక్‌కెర్నన్, కార్లా ఓర్టిజ్ అనే ముగ్గురు చిత్రకారులు కాలిఫోర్నియాలో దావా వేశారు. ఇటువంటి దావాలు, నిరసనలు పెరిగిన తరువాతే "మా దగ్గర ఉన్నవి అనుమతి ఉన్న బొమ్మలు" అని చెప్పుకోవడం వ్యాపారానికి అవసరమైంది. ఆ మేరకు ఇది చిత్రకారులు పోరాడి సాధించుకున్న మెట్టు. దాన్ని చిన్నచూపు చూడడం సరికాదు. కాని మెట్టునే మేడ అనుకోవడమూ సరికాదు.

ఒప్పందంలో అడిగినవేమిటి? నూటయాభై బొమ్మలు. ఒక్కొక్క దానికి ముందుగా వేసుకున్న చిత్తు గీతలు, ఆ తరువాత గీత మాత్రమే ఉన్న ప్రతి, రంగులు విడివిడిగా ఉన్న ప్రతులు, చివరి బొమ్మ ఇవ్వాలి. ఒకే మనిషి నిలబడినట్టు, కూర్చున్నట్టు, వెనక్కి తిరిగినట్టు వేయాలి. ప్రతి బొమ్మలో ఏముందో నాలుగు వాక్యాల్లో రాయాలి. హక్కులన్నీ "ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని పద్ధతులకూ" శాశ్వతంగా కంపెనీవి. ధర బొమ్మకింత అని ఒక్కసారి ఇచ్చేది.

పత్రికవాడు బొమ్మ కొంటే పాఠకుడికి చూపించడానికి కొంటాడు. ఈ కొనుగోలుదారు ఆ బొమ్మను ఎవరికీ చూపించడు. ఆ గీత ఎక్కడ మొదలై ఎటు వంగి ఎక్కడ ఆగుతుందో యంత్రానికి పట్టించడమే అతనికి కావలసిన ఉపయోగపు విలువ. అందుకే చిత్తు గీతలు అడిగాడు. కాబట్టి పేరుకు బొమ్మల బేరమే అయినా, నిజంగా అమ్ముడుపోతున్నది చేతిలోని నేర్పు.

కూలివాడు శ్రమశక్తిని అమ్ముకుంటాడని మనం చదువుకున్నాం. అందులో దోపిడీ ఉన్నా, సాయంత్రానికి అలిసిపోయిన ఆ చెయ్యి మర్నాటికి మళ్ళీ అతనిదే. మళ్ళీ అమ్ముకోవచ్చు, కూలి పెంచమని అడగవచ్చు, సమ్మె చేయవచ్చు. ఈ బేరంలో అలా కాదు. ఇవాళ అమ్మిన నేర్పు రేపు అదే సంతలో అతనికి పోటీగా, అతనికన్నా చవకగా వచ్చి నిలబడుతుంది. కోట్ల బొమ్మల్లో నూటయాభై ఎంత అని కొందరు అడుగుతారు. సముద్రంలో చినుకే. కాని పెద్ద యంత్రం ఒకసారి తయారయ్యాక, దాన్ని ఒక ప్రత్యేకమైన చేతివాటం వైపు తిప్పడానికి కొద్ది డజన్ల బొమ్మలు చాలు. అందుకే ఇంత శ్రద్ధగా ఎంచి వేయించుకోవడం. ఒక్కసారి ఇచ్చే వెల తక్కువా ఎక్కువా అన్నది తరువాతి మాట. మళ్ళీ మళ్ళీ పనిచేసే వస్తువుకు ఒక్కసారి వెల కట్టడంలోనే మోసం ఉంది.

ఇది పూర్తిగా కొత్త కథ కాదు. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి జెసూయిట్ మతగురువు కోరమాండల్ తీరపు అద్దకపు పనివాళ్ళను అడిగి, బట్టకు రంగు పట్టించే పద్ధతిని వరుసగా రాసి స్వదేశానికి ఉత్తరం పంపాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో ఉన్న పోలికలను గుర్తించిన తొలి పండితుల్లో ఒకడుగా భాషాశాస్త్రం చదివినవాళ్ళకు ఆయన పేరు తెలుసు. ఆ పండితుడే ఈ పని కూడా చేశాడు. ఆ ఒక్క ఉత్తరం వల్ల మన అద్దకం దెబ్బతిన్నదని అనను. యంత్రాలు, సుంకాలు, సామ్రాజ్యం అన్నీ కలిసి చేసిన పని అది. కాని చేతిలోని విద్య కాగితం మీదికి ఎక్కి సముద్రం దాటింది, తరువాతి శతాబ్దంలో యంత్రం మీద అచ్చయిన బట్ట ఇక్కడి సంతలకే తిరిగి వచ్చింది.

రెండో ఉదాహరణ మా ఊరికి దగ్గరలోని సామర్లకోటది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, స్కాట్లండు వైద్యుడు విలియం రాక్స్‌బరో 1780లలో అక్కడ ఉంటూ స్థానిక చిత్రకారుల చేత ఈ తీరపు మొక్కల బొమ్మలు వేయించాడు. పువ్వు విడిగా, కాయ విడిగా, కోసిన భాగం విడిగా, అంతా ఆయన చెప్పిన పద్ధతిలోనే. వాటిలోంచి ఎంచిన 300 ఫలకాలు 1795–1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. మొదటి పేజీలో రాక్స్‌బరో పేరు ఉంది, అచ్చు పర్యవేక్షించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరు ఉంది. ఆకు ఈనెను అంత నిక్కచ్చిగా గీసిన మనిషి పేరు లేదు. ఇది దొంగతనం కాదు. డబ్బిచ్చి వేయించుకున్నదే. డబ్బిచ్చిన తరువాత కూడా ఎంత పోవచ్చునో తెలుసుకోవడానికే ఈ ఉదాహరణ.

ఇక కళాపరమైన ప్రశ్న. నా విద్యార్థికి ఇచ్చిన జాబితాలో "తెలుగు పల్లె స్త్రీ, బిందె, ఎర్ర చీర" అని ఉంది. "రైతు, తలపాగా, ఎద్దులు" అని ఉంది. నిజ జీవితంలో ఆ స్త్రీ ఉపాధి హామీ పనిలో గునపం పట్టుకుని ఉండవచ్చు. ఆ రైతు కౌలు కాగితం లేక బ్యాంకు అరుగు మీద కూర్చుని ఉండవచ్చు. ఆ బొమ్మలు ఎవరూ అడగలేదు. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో ఎంగెల్స్ ప్రాతినిధ్య పాత్రల గురించి చెప్పిన నాటినుంచి, ప్రాతినిధ్యం వేరు, సగటు వేరు అని మన విమర్శ చెబుతూనే ఉంది. 1943లో బెంగాల్ కరువు ప్రాంతాల్లో తిరిగి చిత్తప్రసాద్ వేసిన మనుషులు సగటు మనుషులు కారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క మనిషి. అందువల్లనే వాళ్ళలో కరువు మొత్తం కనిపిస్తుంది. ఇక్కడ యంత్రానికి కావలసింది సగటు. చిత్రకారుణ్ణి సగటు వేయమని అడిగి, ఆ సగటునే రేపు మన పిల్లలకు "తెలుగు పల్లె" అని చూపిస్తారు. చిత్రకారుడు కోల్పోయేది బతుకుతెరువు. సమాజం కోల్పోయేది తన ముఖం.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా ప్రతిఫలమిచ్చి వర్ణచిత్రమో రూపచిత్రమో వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవాడే తొలి హక్కుదారు. అంటే చిత్రకారుడు నోరు మూసుకుంటే హక్కు దానంతట అదే జారిపోతుంది. బొమ్మ మళ్ళీ అమ్ముడైనప్పుడు వాటా ఇచ్చే 53ఎ సెక్షన్ కూడా తొలి హక్కుదారైన కర్తకే వర్తిస్తుంది. 2012 సవరణ ఒక మేలు చేసింది: ఒప్పందం నాటికి లేని కొత్త పద్ధతికి, ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, పాత బదిలీ వర్తించదు. చట్టం పేరుపెట్టి చెప్పమంటే కంపెనీ "రాబోయే అన్ని పద్ధతులకూ" అని గంపగుత్తగా రాసుకుంటుంది. అదే సవరణ సినిమా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి వదులుకోవడానికి వీల్లేని రాయల్టీ హక్కు ఇచ్చింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ వంటివారు గట్టిగా నిలబడటం వల్ల వచ్చిన హక్కు అది. బొమ్మ వేసేవారి కోసం అలా నిలబడినవారు లేరు.

57వ సెక్షన్ ప్రకారం హక్కు అమ్ముకున్నా కర్తగా తన పేరు చెప్పుకునే హక్కు పోదు. విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వమే చేయించుకుని, తరువాత పీకి గోదాములో పడేసిన కుడ్యశిల్పం విషయంలో శిల్పి అమర్‌నాథ్ సెహ్‌గల్ పోరాడితే, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని తిరిగి ఇమ్మని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించమని తీర్పు చెప్పింది. కాని యంత్రంలో కరిగిపోయిన బొమ్మకు పేరు ఎక్కడ రాయాలి? 2025 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ కమిటీ ఒకటి, శిక్షణకు వాడుకునే కృతులకు తప్పనిసరి అనుమతి, దానికి రాయల్టీ ఉండాలని ప్రతిపాదించింది. కాదనే హక్కు అందులో లేదు. పైగా రాయల్టీ హక్కుదారుకు కదా! హక్కే అమ్ముకున్నవాడికి దాంట్లో ఏం మిగులుతుంది?

కాబట్టి "డబ్బిచ్చారు కదా" అనే మిత్రుడికి నా జవాబు: దేనికిచ్చారో చూడండి. "ద్రోహి" అనే మిత్రుడికి నా జవాబు: నెల జీతం వచ్చే మనం, అద్దె కట్టుకోలేనివాడికి త్యాగం బోధించకూడదు. ఒంటరిగా బేరమాడేవాడు ఎప్పుడూ ఓడిపోతాడు. అందుకని అతన్ని వెలివేయడం న్యాయం కాదు, అతని పక్కన నిలబడాలి. ఏ యంత్రానికి, ఎన్నేళ్ళకు అన్నది ఒప్పందంలో ఉండాలి. గడువు దాటితే మళ్ళీ చెల్లించాలి. బొమ్మలిచ్చినవారి పేర్ల జాబితా బయట పెట్టాలి. చిత్రకారుడి పేరుతో అతని శైలిని అమ్మకూడదు. ఈ నాలుగింటితో ఒక నమూనా ఒప్పందాన్ని తెలుగులో తయారుచేసి చిత్రకారుల చేతిలో పెట్టడం మన సంఘం చేయదగిన పని.

నా విద్యార్థి ఈ నాలుగూ రాసి పంపాడు. కంపెనీ గడువు మాట ఒప్పుకుంది, అయిదేళ్ళు. మిగతా మూడూ కొట్టేసింది. అతను సంతకం పెట్టాడు. నేను వద్దనలేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, మీ సంచికలకు ఆరేళ్ళుగా అట్ట బొమ్మలు వేస్తున్నానండి. లోపలెక్కడా నా పేరుండదు" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. నేను లోపలికెళ్ళి పాత సంచికలు తిరగేశాను. కొన్నింట్లో ఉంది, చాలావాటిలో లేదు. డబ్బు మాట ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు. ఉద్యమం కోసం వేశాడని అనుకున్నాం. రాక్స్‌బరోను విమర్శించే హక్కు మనకు దక్కాలంటే, వచ్చే సంచిక నుంచి అట్ట వెనక వేసినవారి పేరు ఉండాలి, ఎంత చిన్నదైనా పారితోషికం ఉండాలి. ఈ రెంటినీ తీర్మానంగా వచ్చే సమావేశం ముందు పెడుతున్నాను.