వానలో స్కూటరు, కదలని కారు

వానలో ఒకే స్కూటరు మీద తల్లీతండ్రీ, మధ్యలో పిల్లలు. ఈ దృశ్యం చూశాకే నానో కారు ఆలోచన వచ్చిందని రతన్ టాటా చెప్పేవారు. టయోటా ప్రియస్ వెనక అలాంటి ముఖమేదీ లేదు. 21వ శతాబ్దంలో జనానికి ఎలాంటి కారు కావాలన్న ప్రశ్నొకటి 1993లో ఇంజినీర్ల ముందు పెట్టారు, అంతే. కొనేవాణ్ణి కళ్లారా చూసి మొదలుపెట్టిన బండి పదేళ్లలోపే ఆగిపోయింది. ఊహలో ఉన్నవాడి కోసం చేసింది నిలబడింది.

నానో ఇంజినీర్ల పనితనాన్ని తక్కువ చేయలేం. లక్ష రూపాయల గీత ముందే గీసి, దాని లోపల కారును ఇమిడ్చారు. వెనకవైపు 624 సీసీల రెండు సిలిండర్ల ఇంజిన్, చక్రానికి మూడే నట్లు, అద్దానికి ఒకటే వైపర్. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాలి. వెనక డిక్కీ తలుపు తెరుచుకోదు. ఆ సౌకర్యం 2015లో గానీ రాలేదు.

స్కూటరు మీది కుటుంబానికి తడవకుండా ఇల్లు చేరడం అవసరమే. కానీ మన దగ్గర కారు కొనడమంటే గొడుగు కొనడం కాదు. గుమ్మం ముందు ఆగిన బండిని వీధంతా చూస్తుంది, వియ్యాలవారూ చూస్తారు. 'అన్నిటికంటే చవక కారు' అని పేరుపడ్డాక దానికి పసుపూ కుంకుమా పెట్టి మురిసేదెవరు? ఆ ముద్ర పొరపాటేనని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. సింగూరులో ఫ్యాక్టరీ భూముల గొడవ, ఆ ఫ్యాక్టరీని సానంద్‌కు తరలించడం, కొన్ని బళ్లకు మంటలంటుకోవడం కూడా దెబ్బతీశాయి గానీ, నా లెక్కలో అవి తర్వాతి కారణాలు.

ప్రియస్ దారి వేరు. ప్రధాన ఇంజినీరు ఉచియమడ టకేషి బృందం మైలేజీని ఒకటిన్నర రెట్లు చేస్తామంటే, రెట్టింపు కావాలన్నారు పైవాళ్లు. పెట్రోలు ఇంజిన్‌కు విద్యుత్ మోటార్లు తోడయ్యే హైబ్రిడ్ తప్ప గత్యంతరం లేకపోయింది. తొలి నమూనా 49 రోజులు కదలనే లేదు. అయినా 1997 డిసెంబరులో, క్యోటో వాతావరణ సదస్సు జరిగిన నెలలోనే, అమ్మకానికి పెట్టారు. జనం నిజంగా మెచ్చింది మాత్రం 2003 నాటి రెండో తరాన్ని. ఈలోగా ఇంజిన్‌నూ మోటార్లనూ కలిపే ఆ గేర్ల అమరికను సానపడుతూ పోయారు. అదే క్యామ్రీలోకి వెళ్లింది, ఇవాళ మన రోడ్ల మీది ఇన్నోవా హైక్రాస్‌లోకీ వచ్చింది. దీర్ఘకాలిక ప్రణాళిక అంటే నాకు అర్థమైనది ఇదే: కొనేవాడి గురించి వేసిన అంచనా కాస్త తప్పినా, సంపాదించిన విద్య తర్వాతి బండికి పనికిరావాలి. నానో పొదుపు విద్యకు వారసులు లేరు.

అలాగని టయోటాకు హారతి పట్టనక్కర్లేదు. హైబ్రిడ్ మీది నమ్మకం మొండితనంగా మారడంతో ఆ కంపెనీ పూర్తి బ్యాటరీ కార్లలో వెనకబడింది. 2022లో తెచ్చిన బీజెడ్4ఎక్స్‌ను చక్రాల బోల్టులు వదులవుతున్నాయని వెనక్కి పిలవాల్సి వచ్చింది. అప్పటికి మన దేశంలో విద్యుత్ కార్ల అమ్మకాల్లో ముందున్నది నానో చేసిన టాటాలే, నెక్సాన్‌తో. ఆ నెక్సాన్ పెట్రోలు, డీజిలు బళ్లను అమ్మేటప్పుడు వాళ్లు గొప్పగా చెప్పుకున్నది ధర కాదు, భద్రతలో వచ్చిన అయిదు నక్షత్రాలు.